నాలుగు మడతల గుడ్డ

ముందు వాసన వచ్చింది. ఆ తర్వాతే ఆయనకి మెలకువ వచ్చింది. లేదా మెలకువగానే ఉన్నాడేమో. సోఫా పక్కన కుర్చీ వేసుకుని, నిద్రపోతున్న మనవరాలి పాదం మీద చెయ్యి వేసి, కళ్ళు మూసి కూర్చున్నాడో తెరిచి కూర్చున్నాడో ఒట్టేసి చెప్పమంటే చెప్పలేడు. ముక్కు మాత్రం పనిలోనే ఉంది. నూలు, అంది ముక్కు. తడి నూలు కాదు, తడి ఆరిపోయి, మీగడ రంగు దాటి, టీ రంగు కూడా దాటబోతున్న నూలు. ముప్పై నాలుగేళ్ళు పెద్ద లాండ్రీలో నిలబడి హోటళ్ళ దుప్పట్లూ ఆసుపత్రి దిండు గలేబులూ ఇస్త్రీ చేసిన ముక్కు అది. కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో మర్చిపోతాడు గానీ ఈ వాసన ఎన్నో మెట్టు మీద ఉందో మర్చిపోడు. టీ రంగు తర్వాత ఇటుక రంగు, ఇటుక రంగు తర్వాత నలుపు, ఆ నలుపు అంచున సన్నటి ఎర్రగీత పాకడం మొదలైతే ఇక మనిషి చేతిలో ఏమీ ఉండదు. ఎంత సేపుందింకా, అనుకుంటూనే లేచాడు, లేస్తూ పిల్ల పాదం మీంచి చెయ్యి మెల్లగా తీశాడు, ఆ మెల్లదనం ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు, ఎందుకంటే మనసు అప్పటికే వంటింట్లోకి పరిగెత్తింది.

వంటింట్లో నల్లటి గాజు కరెంటు పొయ్యి ఎప్పటిలాగే నున్నగా, బల్లపరుపుగా, ఏమీ ఎరగనట్టు ఉంది. దాని మీద కుడివైపు ముందున్న వలయంలో గళ్ళ గుడ్డ ఒకటి, నాలుగు మడతలు పెట్టి, అంచుకి అంచు కలిపి, అరచేత్తో సవరించి మరీ పరిచి ఉంది. గాజు కింద ఎర్రటి తీగచుట్ట వెలుగుతోంది. గుడ్డ నడుమ నుంచి దారప్పోగంత పొగ నిటారుగా లేచి పైన చిమ్నీ దాకా వెళ్ళి అక్కడ దారి తెలియనట్టు చెదిరిపోతోంది. పట్టకారు అందుకుని గుడ్డని ఎత్తి సింకులో పడేసి కుళాయి తిప్పేదాకా ఆయన ఊపిరి పీల్చలేదు. సుయ్యిమంది. తర్వాత పొయ్యి అంచున ఆపే గుర్తు మీద వేలు పెట్టి, కోడలు నేర్పినట్టు మూడు లెక్కపెట్టేదాకా నొక్కాడు. కీచుమని ఒక్క కూత కూసి చుట్ట ఆరిపోయింది, వేడి ఎంతో చూపించే అంకె ఆరిపోయింది, ఒక్క చిన్న ఎర్ర దీపం మాత్రం మిగిలింది. నేను ఇంకా వేడిగా ఉన్నాను, నన్ను ముట్టుకోవద్దు అని చెప్పే దీపం. హాల్లో పిల్ల అటు నుంచి ఇటు తిరిగి పడుకున్న చప్పుడైంది. గోడ గడియారం మూడూ అయిదు. కోడలు నాలుగింటికి వస్తుంది.

స్టూలు లాక్కుని పొయ్యికి ఎదురుగా కూర్చున్నాడు. హాలుకీ వంటింటికీ మధ్య తలుపు లేదు, ఈ కొత్త ఇళ్ళన్నీ ఇంతే, ఒకే గది, మధ్యలో మనసులో గీసుకున్న గోడలు. కాబట్టి ఎవరో ఒకరు కాపలా కూర్చోవాలి. ఎవరు పెట్టారు గుడ్డ? ఈ ప్రశ్న ఒకటి వేసుకున్నాడు పాపం, ఇంట్లో పది మంది ఉన్నట్టు. నాలుగేళ్ళ పిల్లకి అంచుకి అంచు కలిపి మడవడం రాదు. కోడలు ఉదయం ఎనిమిదింటికి వెళ్ళింది. కొడుకు లారీ మీద ఎక్కడో ఉన్నాడు, పది రోజులు రోడ్డు మీదా నాలుగు రోజులు ఇంట్లోనూ ఉండే ఉద్యోగం. ఇక ఈ ఇంట్లో అలా మడిచే చెయ్యి ఒక్కటే ఉంది. ఆ చెయ్యి ఇప్పుడు తొడ మీద బోర్లా పడి ఉంది. దాన్ని పరాయివాడి చెయ్యిని చూసినట్టు చూశాడు.

ఎందుకు పెట్టిందో మాత్రం అడగక్కర్లేదు. లాండ్రీలో సాయంత్రం భోంగా మోగగానే ఇస్త్రీ ప్రెస్సు ఆపి, దాని ఇనప పళ్ళెం తుడిచి, తుడిచిన తడి గుడ్డని నాలుగు మడతలు పెట్టి ఆ పళ్ళెం మీదే పరిచి ఇంటికి వెళ్ళాలి. పళ్ళెంలో మిగిలిన వేడికి గుడ్డ ఆరుతుంది, పళ్ళేనికి చెమ్మ పట్టదు, పొద్దున వచ్చేసరికి గుడ్డ అప్పడంలా ఉంటుంది. చేరిన మొదటి రోజు మేస్త్రీ చెప్పిన మొదటి మాట అది, ఊరికే పోయే వేడిని పోనివ్వకండిరా అని. ముప్పై నాలుగేళ్ళు రోజూ చేసిన పని చేతికి వేరే చెప్పాలా? పాలు కాగాయి, గిన్నె దించాడు, పిల్లకి ఇచ్చాడు, వచ్చి గాజు తుడిచాడు, చెయ్యి తన దారిన తాను గుడ్డ మడిచింది, వెచ్చటి చోటు వెతికింది, పరిచింది, సవరించింది. బుర్ర ఆ సమయానికి ఎక్కడుందో దేవుడికే తెలియాలి. అయితే లాండ్రీలో ముందు ప్రెస్సు ఆపేవాళ్ళు. ఆపిన తర్వాతే గుడ్డ. ఇవాళ ఆపాడా? పాలు కాగేసరికి రెండున్నర అయింది, అప్పటి నుంచీ ఎర్రచుట్ట వెలుగుతూనే ఉందా? ఆపాను, అనుకున్నాడు. వేలు పెట్టాను, కీచుమంది. ఆ కూత ఇవాళ్టిదేనా, నిన్నటిదా? నిన్న కూడా పాలే, మొన్న కూడా పాలే, రోజూ అదే గిన్నె, అదే వలయం, అదే కూత, వరసగా వేలాడదీసిన తెల్ల దుప్పట్లలో ఏది ఏ గదిదో చెప్పమంటే ఎవరు చెప్తారు. లేకపోతే ఆపే ఉంటాడు, గుడ్డ తడి అంచు వెళ్ళి ఆ గుర్తుల మీద పడి ఉంటుంది, అదే మళ్ళీ వెలిగి ఉంటుంది. అలా కూడా అవుతుందని కోడలు చెప్పింది. గుర్తుల మీద తడి గుడ్డ పెట్టకూడదు మామయ్యా, వేలనుకుని పొరబడుతుంది, పని కాగానే తాళం గుర్తు నొక్కండి అని. తాళం నొక్కాడా? తాళం మాట ఇప్పుడు గుర్తొచ్చింది.

కోడలు డ్రైవింగు స్కూల్లో నేర్పే మనిషి. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు పెట్టుకుని, కొత్తవాళ్ళు ఊళ్ళో జనం మీదికి పోకుండా చూసే ఉద్యోగం. లారీ నడిపే మొగుడికి రివర్సు ఈవిడే నేర్పిందని ఇంట్లో ఒక హాస్యం, ఆ హాస్యానికి కొడుకు తప్ప అందరూ నవ్వుతారు. పొయ్యి కూడా ఆయనకి అలాగే నేర్పింది, పక్కన నిలబడి, చేతులు కట్టుకుని, ప్రతిదీ పైకి అనమంటూ. గాజు శుభ్రంగా ఉందా చూశాను. గిన్నె అడుగు తడి లేదు. గిన్నెని ఈడ్చను, ఎత్తి పెడతాను. పిడి లోపలికి తిప్పాను. పొయ్యి బల్ల కాదు, దాని మీద కాగితం పెట్టను, ప్లాస్టిక్ పెట్టను, గుడ్డ పెట్టను. గుడ్డ పెట్టను అని ఆయన నోటితోనే అన్నాడు, పరీక్షకి వచ్చిన పిల్లాడిలా నిటారుగా నిలబడి అన్నాడు, పక్కన పిల్ల కూడా తాతతో పాటు పాఠం అప్పజెప్పి కిందా మీదా పడి నవ్వింది. మంట ఉంటే భయం దానంతట అదే వచ్చేది. గ్యాసు పొయ్యి నీలంగా నాలుకలు చాపి నేనున్నానని చెప్పేది. దీనికి మంట లేదు, చప్పుడు లేదు, పైకి చూస్తే నల్లటి చల్లటి చెరువులా ఉంటుంది, లోపల ఏముందో చెప్పేది ఆ ఒక్క ఎర్ర దీపం. చుక్కంత దీపం. ఆయన దాన్ని చూస్తూ కూర్చున్నాడు, అది ఆయన్ని చూస్తూ కూర్చుంది.

ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఒక కాగితం ఉంది. దాన్ని చూడకూడదనుకున్నాడు గానీ కళ్ళు అటే వెళ్ళాయి. కోడలి స్కూలు పక్క వీధిలో పిల్లల్ని సాయంత్రం దాకా చూసుకునే చోటు ఉంది, ఆ చోటు దరఖాస్తు. పిల్ల పేరు రాసి ఉంది, పుట్టిన తేదీ రాసి ఉంది, కింద సంతకం ఒక్కటే బాకీ. పోయిన నెల ఆయన పొరుగింటి తాళంలో తన తాళంచెవి పెట్టి పావుగంట గింజుకున్న రోజు వచ్చింది ఆ కాగితం. కోడలు ఒక్క మాట అనలేదు. అనే మనిషి కాదు, అదే వచ్చిన చిక్కు, అరిచేవాళ్ళయితే ఎక్కడున్నామో తెలుస్తుంది. కాగితం తెచ్చి అక్కడ పెట్టి, చూద్దాం మామయ్యా అంది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన తల ఎత్తకుండా అడిగాడు, ఒక్క నెల చూడమ్మా అని. జన్మలో ఎవర్నీ ఏదీ అడగని మనిషి. కోడలు సరేనంది. అప్పటి నుంచీ పిల్ల బడి నుంచి పన్నెండున్నరకి వస్తే నాలుగింటి దాకా తాతది. పిల్ల అంటే ఏం పిల్ల, ఉడుత. ఇంట్లో అందరూ ఉడుత అనే పిలుస్తారు. ఎక్కని కుర్చీ లేదు, తియ్యని డబ్బా లేదు, అడగని ప్రశ్న లేదు. ఆ మూడున్నర గంటలూ లేకపోతే ఆయన రోజులో మిగిలేది ఏమిటి? పొద్దున నడక, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం ఎవరైనా వస్తారేమోనని కిటికీ దగ్గర నిలబడడం. అలా నిలబడే ముసలాళ్ళు ఈ వీధిలో ప్రతి అంతస్తులోనూ ఉన్నారు, ఎదురుబొదురు కిటికీల్లోంచి ఒకరినొకరు చూసుకుంటారు, పలకరించుకోరు. ఆ వరసలో చేరడం తల్చుకోగానే ఆయన కాగితం మీంచి కళ్ళు తిప్పేసుకున్నాడు.

మూడూ పన్నెండు. దీపం అలాగే ఉంది. వలయం మీద గుడ్డ అచ్చు పడింది, నలుచదరంగా, ముదురు గోధుమ రంగులో, అంచులు ఎంత తిన్నగా ఉన్నాయో చూసి సిగ్గేసింది. గుప్పెడు నీళ్ళు చిలకరిస్తే ఒక్క క్షణంలో చల్లారిపోతుంది కదా అనిపించింది, అనిపించగానే ఒళ్ళు జలదరించింది. వేడి గాజు మీద చన్నీళ్ళు పడితే పగులుతుంది, పగిలితే లోపల కరెంటు తీగలు. ఏం చేసినా తప్పే, ఏం చెయ్యకుండా కూర్చోవడం ఒక్కటే ఒప్పు, అదీ ఈ పొయ్యి పెట్టే పరీక్ష. పిల్ల గనక ఈ అరగంటలో లేచి ఉంటే? రోజూ లేచి తిన్నగా ఇక్కడికే వస్తుంది కళ్ళు నులుముకుంటూ, ఈ గట్టు పట్టుకునే వేలాడుతుంది, మునివేళ్ళ మీద లేస్తే చెయ్యి ఆ వలయం దాకా అందుతుంది, గళ్ళ గుడ్డ కనిపిస్తే లాగుతుంది, లాగకుండా ఉంటే అది ఉడుతే కాదు. ఆ చెయ్యి. గాజు గోళీలు మూడు పట్టనంత చిన్న చెయ్యి. వద్దు, అని పైకే అన్నాడు. ఆలోచన ఆగలేదు. గుడ్డకి ఎర్రగీత పాకి ఉంటే, పక్కనే కాగితపు రుమాళ్ళ చుట్ట, పైన చిమ్నీ నిండా జిడ్డు, కిటికీ తెర, సోఫా, సోఫా మీద దూది బొమ్మని కావలించుకుని ఆ పిల్ల, పక్కన కుర్చీలో కాపలా కూర్చున్న ఈ ఘనుడు. ఆయనకి చెమటలు పట్టేశాయి. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

లాండ్రీలో ఒకాయన ఉండేవాడు, గడియారం అనేవాళ్ళు. చేతికి గడియారం ఉండేది కాదు గానీ టైమెంతరా అంటే నిమిషంతో సహా చెప్పేవాడు, పందెం కాసినవాళ్ళందరూ ఓడిపోయేవాళ్ళు. ఒక సాయంత్రం గడియారం ప్రెస్సు ఆపకుండా గుడ్డ పరిచి చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు. వచ్చేసరికి పక్కనున్న దుప్పట్ల దొంతర అంటుకుంది. అందరూ బకెట్లతో పరిగెత్తారు, ఆర్పేశారు, ఎవరికీ ఏమీ కాలేదు, గడియారానికి మోచేతుల దాకా చర్మం లేచిపోయింది, అంతే. మేస్త్రీ తిట్టలేదు. నెల తర్వాత కట్లు విప్పుకుని వస్తే, నువ్వు తువ్వాళ్ళ బల్ల దగ్గర కూర్చోరా అన్నాడు. తువ్వాళ్ళు మడత పెట్టే బల్ల. అక్కడ కొత్తగా వచ్చిన ఆడపిల్లల మధ్య పన్నెండేళ్ళు కూర్చుని తువ్వాళ్ళు మడిచాడు గడియారం. తర్వాత ఎవరూ ఆయన్ని టైము అడగలేదు. అడిగినా చెప్పేవాడు కాదేమో. మనమేం మంచివాళ్ళం కాదు, అనుకున్నాడు ముసలాయన, భోజనాల వేళ గడియారం వస్తే మాటలు ఆపేసేవాళ్ళం. మనం కాదు, నేను. నేనే ముందు ఆపేవాణ్ణి, వాడి మతిమరుపు నాకంటుకుంటుందేమోనన్నట్టు. గడియారం చేతులు కాలిన రోజు ఇంటికెళ్ళి భార్యకి చెప్తే, ఆవిడ ఆయన చొక్కా విప్పించి వాసన చూసి, ఇవాళ ఆసుపత్రి దుప్పట్లా అని అడిగి, ఆ తర్వాత తాపీగా అంది, మీరు మర్చిపోతే గుర్తు చెయ్యడానికి నేను లేనూ అని. ఉండేది. ప్రతిదానికీ ఉండేది. గొళ్ళెం పెట్టారా, కుళాయి కట్టారా, జేబులో కాగితం తీశారా, సాధింపు అనుకునేవాడు, పక్కవాళ్ళకి చెప్పుకుని నవ్వేవాడు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. మరుపు అప్పుడు మొదలైందో, అంతకు ముందు నుంచే ఉండి ఆవిడ నోటి చలవ వల్ల బయటపడలేదో, ఈ వయసులో తేల్చుకునేదెలా.

మూడూ ఇరవై రెండు. ఇంతలో ఆయనకి ఒక ఉపాయం తట్టింది. తట్టగానే ప్రాణం లేచి వచ్చింది. ఎవరికీ చెప్పక్కర్లేదు. కిటికీ తీస్తే పది నిమిషాల్లో వాసన పోతుంది. గుడ్డని పిండి, పాత పాల ప్యాకెట్లో చుట్టి, కోడలు రాకముందే కింద మెట్ల పక్కనున్న పెద్ద చెత్తడబ్బాలో వేసి వస్తే సరి, వంటింటి బుట్టలో వేస్తే దొరికిపోతాం. దీపం ఆరాక గీకుడు బ్లేడుతో గాజు మీద మచ్చ తీసేసి, రెండు చుక్కలు సబ్బు నురగ వేసి తుడిచేస్తే నున్నగా అయిపోతుంది. అబ్బ, ఎంత తేలిక, అనుకున్నాడు. బుర్ర పని చేస్తోందిరా నాయనా, ఇంత వరసగా ఆలోచించే మనిషికి మతిమరుపేమిటి. లేచి కిటికీ తీశాడు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టారు. సొరుగు లాగి గీకుడు బ్లేడు తీశాడు. దాని అంచున గోధుమ రంగు పొక్కులు ఎండి అంటుకుని ఉన్నాయి. ఇదేమిటి, కోడలు ఇలా కడక్కుండా పెట్టదే, అనుకున్నాడు. చెంచా మీద నీటి చుక్క మిగిలినా మళ్ళీ తుడిచే మనిషి. గోటితో గీరితే పొక్కు రాలింది, వాసన చూశాడు, మాడిన నూలు వాసనే, చెయ్యంతా అదే వాసనగా ఉన్నప్పుడు ఇంకే వాసన వస్తుందిలే అనుకుని దాన్ని గట్టు మీద పెట్టాడు. మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. గుండె మాత్రం ఎందుకో ఇందాకటి కంటే గట్టిగా కొట్టుకుంటోంది.

దీపం ఆరలేదు. మూడున్నర. మూడూ ముప్పై అయిదు. ఇంతసేపు మండిన పొయ్యి అంత తొందరగా చల్లారదు, ఆ మాత్రం ఆయనకి తెలుసు, ప్రెస్సు పళ్ళెం అయితే గంట పట్టేది. కానీ నాలుగింటికి కోడలు తాళం తిప్పుకుని వస్తుంది, చెప్పులు విప్పుతూనే కళ్ళు ఇల్లంతా ఒక్కసారి తిప్పుతుంది, కారు అద్దాలు మూడూ చూసుకోకుండా బండి కదపని మనిషి, ఎర్ర దీపం చూస్తుంది, ఇప్పుడేం వండారు మామయ్యా అంటుంది. అప్పుడు నీళ్ళు నమలాలి. గోడ మీద, ఫ్రిజ్ పక్కన, పొయ్యి పెద్ద స్విచ్చి ఉంది. అది తీసేస్తే దీపం ఆరిపోతుంది. ఆ సంగతి ఆయనకి తెలుసు, ఎందుకు తెలుసంటే అదొక్కటి ఎప్పుడూ చెయ్యొద్దని కోడలు రెండుసార్లు చెప్పింది. పెద్ద స్విచ్చి తీస్తే దీపం పోతుంది గానీ వేడి పోదు మామయ్యా, అప్పుడు వేడిగా ఉన్న గాజుకీ చల్లగా ఉన్న గాజుకీ తేడా ఎవరికీ తెలియదు అంది. తెలియకపోతే ఏం? పావుగంట. పిల్లని నేను పట్టుకుని ఉంటాను కదా. మచ్చ మీద పళ్ళెం ఒకటి బోర్లిస్తే కనిపించదు. రాత్రి అందరూ పడుకున్నాక గీకేస్తే సరిపోతుంది. గీకడం గుర్తుంటే. ఆ చివరి మాట ఎవరన్నారో తెలియలేదు, లోపలే ఎవరో అన్నారు, గొంతు పోయిన భార్య గొంతులా ఉంది. ఆయన లేచాడు. ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళాడు. అయస్కాంతం కింద పిల్ల పేరు ఆయన ముఖానికి జానెడు దూరంలో ఉంది. స్విచ్చి మీద వేలు పెట్టాడు. ఎర్ర దీపం వైపు చూస్తూ, అది ఆరిపోతే ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. నల్లగా, నున్నగా, ఎవరైనా చెయ్యి ఆనించుకునేలా ఉంటుంది.

"తాతా."

పిల్ల ఫ్రిజ్ అవతల నిలబడి ఉంది. ఒక చేతిలో దూది బొమ్మ, ఇంకో చేత్తో కళ్ళు నులుముకుంటోంది. ఆయన స్విచ్చి మీద వేలు తీసేసి రెండంగల్లో వెళ్ళి పిల్లకీ పొయ్యికీ మధ్య నిలబడ్డాడు. అడుగు ముందుకెయ్యకు తల్లీ, అక్కడే ఉండు, వేడి వేడి అన్నాడు. పిల్ల భయపడలేదు. ముక్కు ఎగబీల్చింది, ఆయన కాళ్ళ పక్కనుంచి తొంగి సింకులోకి చూడబోయింది, ఆ తర్వాత పెద్దవాళ్ళు నిట్టూర్చినట్టు నిట్టూర్చింది.

"గుడ్డ మళ్ళీ మాడిపోయిందా?"

ఆయనకి ముందు అర్థం కాలేదు. అర్థమైంది గానీ లోపలికి దిగలేదు. మళ్ళీ ఏమిటమ్మా, అన్నాడు నవ్వబోతూ, ఇవాళే కదా. పిల్ల తల అడ్డంగా ఊపింది. వర్షం వచ్చిన రోజు మాడింది కదా అంది. నువ్వు కిటికీ తీస్తే వాన జల్లు లోపలికి కొట్టింది కదా, గుడ్డని పాల ప్యాకెట్లో చుట్టి మనం కింద పెద్ద డబ్బాలో వేసి వచ్చాం కదా, మెట్లు దిగేటప్పుడు పాట పాడాం కదా. ఒక్కొక్క కదాకీ ఆయన ముఖంలోకి చూస్తూ చెప్తోంది, తాత ఆట ఆడుతున్నాడేమో, తెలిసే తెలియనట్టు నటిస్తున్నాడేమోనన్నట్టు. ఆయన వర్షం కోసం వెతికాడు. మెట్ల కోసం వెతికాడు. పాట కోసం వెతికాడు. ఆ చోట ఏమీ లేదు. మరుపు అంటే మసగ్గా ఉంటుందనుకునేవాడు ఇన్నాళ్ళూ, పొగలో కనిపించినట్టు కొంచెమైనా కనిపిస్తుందనుకున్నాడు. ఇక్కడ పొగ కూడా లేదు. ఇందాక పావుగంట క్రితం తట్టి, ప్రాణం లేచి వచ్చినట్టు చేసిన ఆ ఉపాయం, కిటికీ, పాల ప్యాకెట్టు, కింది డబ్బా, గీకుడు బ్లేడు, అంత వరసగా, అంత తేలిగ్గా ఎందుకు తట్టిందో ఇప్పుడు తెలిసింది. గుడ్డ మడిచినట్టే దాన్ని కూడా చెయ్యే నేర్చుకుంది.

"మరి అమ్మకి ఎందుకు చెప్పలేదు తల్లీ?" అన్నాడు.

"నువ్వే చెప్పొద్దన్నావు. చెప్తే నన్ను ఆ వేరే చోటికి పంపించేస్తారన్నావు. ఏడ్చావు కూడా."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. అన్నిటికన్నా ఆ చివరి మాటే తగలరాని చోట తగిలింది. గుడ్డ మాడితే మాడింది, గాజుకి మచ్చ పడితే పడింది. నాలుగేళ్ళ పిల్లకి రహస్యం ఇచ్చి మోయమన్నాడు. ఇచ్చిన సంగతి తను మర్చిపోయి హాయిగా తిరిగాడు, అది మాత్రం రోజూ తల్లి పక్కన పడుకుని, తల్లి అన్నం తినిపిస్తుంటే నోరు తెరిచి, మూసి, ఆ బరువు మోస్తూనే ఉంది. ఇంకెప్పుడైనా పొగ వస్తే? తాత కళ్ళు మూసుకుని కూర్చుంటే? అది లేచి ఎవర్నీ పిలవదు. చెప్పొద్దన్నాడు కాబట్టి పిలవదు. తనే వచ్చి, ఆ చిన్న చేత్తో, గుడ్డ లాగేస్తుంది, తాతని కాపాడదామని. ఇది తోచగానే ఆయనకి కళ్ళు బైర్లు కమ్మాయి. భయం ఇందాకటి నుంచీ ఉంది గానీ అదంతా తన మూడున్నర గంటల కోసం పడ్డ భయం. ఇది వేరు. ఇది ఎముకల్లోకి దిగింది. పిల్లని దగ్గరికి లాక్కుని, పొయ్యికి వీపు పెట్టి, తన రెండు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని గట్టిగా పట్టుకున్నాడు. నొప్పి తాతా అంది పిల్ల. వదల్లేదు.

అలాగే ఎంతసేపు కూర్చున్నాడో, తలుపులో తాళం తిరిగిన చప్పుడైంది. చెప్పులు విప్పిన చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు, కోడలు వాసన చూస్తోందన్నమాట. వంటింట్లోకి వచ్చి నిలబడింది. భుజాన సంచీ తియ్యలేదు. సింకులో గుడ్డ చూసింది, గాజు మీద మచ్చ చూసింది, ఎర్ర దీపం చూసింది, ముసలాయన మోకాళ్ళ మధ్య ఇరుక్కుని నిలబడ్డ కూతుర్ని తలనుంచి పాదాల దాకా చూసింది. వచ్చి పిల్ల చేతులు రెండూ తిప్పి తిప్పి చూసి, వదిలింది. అరవలేదు. ఆయన కూర్చున్నచోట నుంచే చెప్పాడు. పాలు కాచాననీ, గుడ్డ పెట్టాననీ, ఆపానో లేదో తెలియదనీ, కునుకు పట్టిందో లేదో అదీ తెలియదనీ. ఒకదాని వెంట ఒకటి చెప్పేస్తుంటే మాటలు సులువుగానే వచ్చాయి. చివరికి ఫ్రిజ్ వైపు చెయ్యి చూపించాడు.

"ఆ కాగితం మీద సంతకం పెట్టెయ్యమ్మా. రేపటి నుంచే పంపించు. నా దగ్గర ఒంటరిగా వదలకు."

కోడలు సంచీ నేల మీద పెట్టింది. ఆయనకి ఎదురుగా గచ్చు మీదే కూర్చుంది, తల ఎత్తి ఆయన ముఖంలోకి చూసింది. ఆమె కళ్ళలో కోపం ఉంటే బాగుండుననుకున్నాడు. కోపం లేదు. ఆమె కూడా భయపడుతోంది, ఇవాళ మొదలైన భయం కాదది.

"ఎన్నోసారి మామయ్యా?" అంది మెల్లగా.

ఆయన నోరు తెరిచాడు. రెండోసారి అనబోయాడు. రెండోసారి అని ఆయనకి ఎలా తెలుసు? పిల్ల చెప్తేనే కదా.

"నాకు తెలియదమ్మా," అన్నాడు. "పిల్లకి తెలుసు."

కోడలు కూతురి వైపు తిరిగింది. పిల్ల తల్లి వైపు చూడలేదు. తాత వైపు చూసింది, పెదవులు బిగించి, చెప్పనా వద్దా అన్నట్టు. ఆ చూపు చూస్తే ఆయనకి చచ్చిపోవాలనిపించింది. చెప్పు తల్లీ, అన్నాడు, తాత ఏమీ అనడు, చెప్పు, అన్నీ చెప్పు. పిల్ల బొమ్మని చంకలో పెట్టుకుంది. కుడి చెయ్యి ముందుకు చాపి, ఎడమ చేత్తో ఒక్కొక్క వేలే విప్పింది. ఒకటి. రెండు. మూడు. అక్కడ ఆగి, పైకి చూస్తూ ఏదో ఆలోచించి, నాలుగో వేలు కూడా విప్పింది.